ఇదెట్లుంది, జర చెప్పు

మొన్న ఆదివారం మాదాపూర్‌లో ఒక హోటల్లో భోజనానికి కూర్చున్నాం. మా ఆయనా నేనూ, మా అమ్మాయి నీలు, దాని కాలేజీ స్నేహితురాలు. ఆ స్నేహితురాలు నోరు తిరగని పేరున్న కూర ఏదో తెప్పించుకుంది. నీలు ఆ పళ్ళెం వైపు వంగి, "ఇదెట్లుంది, జర చెప్పు" అంది.

"బాగుంది" అంది ఆ పిల్ల.

"బాగుందంటే కాదు. దేని లెక్క ఉంది?"

ఆ పిల్ల నవ్వేసింది. మా ఆయన మాత్రం తినడం ఆపి నా వైపు చూశారు. నీలు నాతో మా కోనసీమ మాటలు మాట్లాడుతుంది, వాళ్ళ నాన్నతో సగం ఇంగ్లీషు కలిపి మాట్లాడుతుంది. ఇప్పుడు దాని నోట వచ్చిన మాట మా ఇద్దరిదీ కాదు. అది మా మామయ్యది, అంటే మా ఆయన నాన్నగారిది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాట అనేటప్పుడు కొంచెం ముందుకు చాపే మెడ, జవాబు వచ్చేదాకా ఎదుటి మనిషి మొహం వదలని చూపు, అన్నీ నీలులో అలాగే ఉండిపోయాయి. దానికి ఆ సంగతి తెలుసో లేదో.

మామయ్య ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. సొంతూరు జనగామ దగ్గర. అత్తయ్య పోయాక హఫీజ్‌పేట్‌లో మేము కిరాయికి ఉంటున్న ఇంటికి వచ్చేశారు. పొడుగ్గా, సన్నగా ఉండేవారు. హాల్లోంచి వంటింట్లోకి వచ్చేటప్పుడు కూడా కదులుతున్న బస్సులో నడిచినట్టు కాళ్ళు కాస్త ఎడంగా వేసేవారు. నేను అన్నం వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి "హోల్డాన్" అనేవారు, ఇక చాలని. తినడం ముగించి లేచేటప్పుడు "రైట్ రైట్" అనేవారు. నవ్వించడానికి కాదు. ఉద్యోగం వదిలినా ఆ మాటలు ఆయన్ని వదల్లేదు, అంతే.

అయితే ఆ "హోల్డాన్" మా ఇంట్లో మరీ తొందరగా వినపడేది. నా పెళ్ళయిన నాటినుంచీ చూస్తున్నాను, తిండి దగ్గర అంత పేచీ పెట్టే పెద్దమనిషిని నేను ఎక్కడా చూడలేదు. బెండకాయ ముట్టరు. సొరకాయ ముట్టరు. ముద్దపప్పు చూస్తే మొహం తిప్పుకుంటారు. గుత్తివంకాయ చేస్తే ఒక కాయ వేలితో నొక్కి చూసి, "గిది మెత్తగున్నది" అని పక్కకి జరుపుతారు. ఏ కూర చేసినా పక్కన పచ్చి ఉల్లిపాయ ఉండాలి. అప్పడాన్ని చెవి దగ్గర పెట్టుకుని కొస విరిచి, చప్పుడు విన్నాకే తింటారు. వాళ్ళ ఊరి నుంచి ఎవరైనా సకినాలు తెచ్చిస్తే వాటిని డబ్బాలో దాచుకుని, రోజూ రెండు విరిచి పప్పన్నంలో కలుపుకునేవారు. వాము వేసిన ఆ బియ్యప్పిండి చుట్లని పప్పులో నలుపుతుంటే నాకు వింతగా ఉండేది. నేను గంటసేపు నిలబడి చేసిన కూర మాత్రం పళ్ళెం అంచున అలాగే ఉండిపోయేది.

"ఎలా ఉంది మామయ్యగారూ?" అని నేను ప్రతిరోజూ అడిగేదాన్ని. నేను పెరిగిన ఇంట్లో వడ్డించినవాళ్ళు అడగాలి, తిన్నవాళ్ళు చెప్పాలి. ఆయన పళ్ళెంలోకి చూస్తూ "ఉంది బిడ్డా" అనేవారు. ఉంది. బాగుందనీ కాదు, బాగాలేదనీ కాదు.

ఇదంతా మామూలు రోజుల్లో అయితే ముసలాయన చాదస్తం అనుకుని ఊరుకునేదాన్నేమో. కానీ అవి తెలంగాణ ఉద్యమం ఊరంతా ఊగిపోతున్న రోజులు. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. మా ఆఫీసులో మధ్యాహ్నం అందరం ఒకే బల్ల దగ్గర డబ్బాలు విప్పి తినేవాళ్ళం. ఎవరూ ఏమీ అనకుండానే అది మెల్లగా రెండు బల్లలైంది. నాది కోస్తా బల్ల. సాయంత్రం ఇంటికొస్తే మామయ్య టీవీ ముందు ఉద్యమం వార్తలు చూస్తూ ఉండేవారు. నేను వండిపెట్టిన అన్నం ముందు కూర్చుని "హోల్డాన్" అనేవారు. నాకు ఆ రెండూ ఒకటే అనిపించడం మొదలైంది.

మా అమ్మ అయితే ఎప్పుడో తేల్చేసింది. మా పెళ్ళిలో మామయ్య విస్తరి నిండా వడ్డించినవన్నీ వదిలేసి పెరుగన్నం, అప్పడం తిని లేచిపోయారు. అమ్మ పక్కనే నిలబడి ఒక్కొక్కటీ చూపించి, "ఇది ఎలా ఉందండీ అన్నయ్యగారూ, అది ఎలా ఉందండీ" అని బతిమాలింది. ఆ అవమానం ఆవిడ మర్చిపోలేదు. ఫోన్ చేసినప్పుడల్లా, "మన చేతి వంట ఆయనకి పడదే. ఇప్పుడు టీవీలో చూస్తున్నాంగా, ఎందుకు పడదో" అనేది.

నేను మా ఆయన్ని అడిగాను. "బాపు గంతే. అమ్మ ఉన్నప్పుడు గూడ గంతే. నువ్వు ఊకెనే మనసుల వెట్టుకుంటున్నవు" అన్నారు. నా మీద జాలేస్తే ఆయన నాతో నా యాసలోనే మాట్లాడతారు. చిరాకొస్తే సొంత యాసలోకి వెళ్ళిపోతారు. కాబట్టి చిరాకొచ్చిందని అర్థమై ఊరుకున్నాను.

ఇంట్లో రెండో పేచీ మనిషి నీలు. అప్పుడు దానికి నాలుగేళ్ళు. ముద్ద నోట్లో పెడితే బుగ్గన పెట్టుకుని అలాగే ఉండిపోయేది. నేను ఫోన్లో బొమ్మలు చూపించి పెట్టాను. గిన్నె పట్టుకుని బాల్కనీ అంతా దాని వెనక పరిగెత్తాను. ఐస్‌క్రీమ్ ఆశ పెట్టాను, బెదిరించాను. ఒక్కోసారి అది ఏడ్చేది, ఒక్కోసారి నేను. డాక్టరు దాన్ని తూకం మీద నిలబెట్టి నా వైపు చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకోబుద్ధవుతుంది.

మేమిద్దరం ఆఫీసులకి పోతే పగలంతా దానికి తోడు మామయ్యే. ఆయన దాన్ని తినమని ఒక్కసారి కూడా అనలేదు. సెలవురోజుల్లో నేను వంటింట్లోంచి చూసేదాన్ని. చాప మీద రెండు పళ్ళేలు పెట్టుకుని ఎదురెదురుగా కూర్చునేవారు. ఆయన దాని పళ్ళెం వంక చూసేవారే కాదు. తన పళ్ళెంలోంచి చిన్న కూరముక్క తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, దానికి అందించి, "నీలూ, ఇదెట్లుంది, జర చెప్పు" అనేవారు.

అది నాలుక చివర పెట్టి ఆలోచించేది. "గేటు లాగ ఉంది."

అది పాలకూర పప్పు. మామయ్య నవ్వలేదు. "గేటంటె ఏ గేటు? మనదా, కింద పెద్దదా?"

దానికి జవాబు చెప్పాలంటే మళ్ళీ కొంచెం తినాలి. తినేది. "పెద్దది. వాన పడ్డాక."

"ఓహో" అనేవారు ఆయన. కొంచెంసేపు ఆ గేటును తలుచుకుంటున్నట్టు కళ్ళు మూసుకునేవారు. "మరి గిది?"

మెంతికూర మందుల డబ్బా లాగ ఉందట. బీరకాయ కొత్త గొడుగు లాగ ఉందట. ఇంగువ వేసిన చారు నాన్న సాక్సుల లాగ ఉందట, కానీ మంచి సాక్సులట. ఆయన ప్రతిదానికీ ఇంకో ప్రశ్న వేసేవారు. తడి సాక్సులా, పొడి సాక్సులా? గొడుగు తెరిస్తెనా, మూస్తెనా? అలా ప్రశ్నా జవాబుల మధ్య పిల్ల పళ్ళెం సగం ఖాళీ అయ్యేది. దానికి ఆ సంగతే తెలిసేది కాదు. చివర్లో ఆయన "రైట్ రైట్" అనగానే అదీ "రైట్ రైట్" అని లేచేది.

సంతోషించాల్సిన విషయమే. సంతోషించలేకపోయాను. తను తినరు, పైగా నా వంటని సాక్సులతో పోలుస్తుంటే పిల్ల చేత ఇంకా చెప్పించుకుంటున్నారు అనిపించేది. అయినా ఆయన మొహం చూస్తే వెక్కిరింత కనపడదు. దారి తెలియని మనిషి దారి అడుగుతున్నప్పుడు ఎలా ఉంటుందో అలా ఉండేది ఆ మొహం. అది నాకు అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోవడం వల్ల ఇంకా చూడాలనిపించేది. చారు గిన్నె దించే నెపంతో వంటింటి గుమ్మం దగ్గరే నిలబడిపోయేదాన్ని.

సకల జనుల సమ్మె రోజుల్లో బస్సులు ఆగిపోయాయి. పాత ఉద్యోగుల్ని కూడా డిపోవాళ్ళు కలుపుకున్నారు, మామయ్య రోజూ పొద్దున్నే నీలుని పక్కింట్లో వదిలి సమ్మె టెంటు దగ్గరికి వెళ్ళి కూర్చునేవారు. ఒకరోజు ఆఫీసులో ఉండగా పక్కింటావిడ ఫోన్ చేసింది. మా మామయ్య నీలుని కూడా తీసుకుని వంటావార్పుకి వెళ్ళారని. అంటే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే పంక్తులు వేసి తినడం. ఆ రోజుల్లో అదొక రకం నిరసన.  సగం రోజు సెలవు పెట్టి బయల్దేరాను. కొత్తగూడ దగ్గరే క్యాబు ఆగిపోయింది. అక్కడినుంచి ఎండలో నడిచాను.

హఫీజ్‌పేట్ దగ్గరపడేసరికి డప్పులు వినిపించాయి. నడిరోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గిన్నెలు. న్యూస్‌పేపర్లు పరుచుకుని జనం బారులు తీరి కూర్చున్నారు. ఒక వరస చివర్లో మామయ్య, ఆయన పక్కన నీలు. ఇద్దరి ముందూ విస్తరాకులు. మామయ్య వంకాయ కూర తింటున్నారు. మెత్తగా, ముద్దగా ఉడికిన వంకాయ. ఉల్లిపాయ లేదు, అప్పడం లేదు. తలవంచుకుని, ఏ పేచీ లేకుండా, ఆకు ఖాళీ చేస్తున్నారు.

నేను అలాగే నిలబడిపోయాను. గరిటె పట్టుకున్న ఒకావిడ, "నిలబడ్డవేంది అక్కా, కూసో. ఆకెయ్యాల్నా?" అంది.

"వద్దండీ" అన్నాను.

ఆ 'అండీ' వినగానే దగ్గర్లో ఉన్న మూడు నాలుగు తలలు నా వైపు తిరిగాయి.  వరసంతా ఒక్క క్షణం ఆగినట్టయింది. మామయ్య తలెత్తి చూశారు.

"నా కోడలు" అన్నారు గట్టిగా, బస్సులో స్టాపు పేరు చెప్పినట్టు. "ఆఫీసు నుంచి నడుసుకుంట వొచ్చింది. జర అన్నం వెట్టుండ్రి, ఆకలిగుంటది."

పక్కాయన జరిగి చోటిచ్చాడు. కూర్చున్నాను. తిన్నాను. కూర అడుగంటి మాడు వాసన వేస్తోంది. అంత పెద్ద గిన్నెలో, కట్టెల పొయ్యి మీద, అది మామూలే. నీలు ఒక ముద్ద తిని, "తాతా, ఇది మాడింది" అంది.

"మాడిందా?" అన్నారాయన ఆశ్చర్యంగా, తింటూ తింటూనే. "మాడితె ఎట్లుంటది, జర చెప్పు."

అక్కడ నన్ను సొంత మనిషిగా చెప్పుకున్నందుకు కళ్ళు చెమర్చాయి. అదే నిమిషంలో, నేను జాగ్రత్తగా చేసిన కూర వేలితో నొక్కి పక్కన పెట్టే మనిషి రోడ్డు మీద మాడిన కూర ఇంత ఇష్టంగా తింటున్నారని మనసు చివుక్కుమంది. ఆ సాయంత్రం మా ఆయనతో ఆ మాటే అన్నాను.  ఆ తర్వాత కొన్నాళ్ళు నేను మామయ్యకి అన్నీ పళ్ళెంలో పెట్టి అక్కడినుంచి వెళ్ళిపోయేదాన్ని. ఎలా ఉందని అడగడం మానేశాను, కోపంతో. చిత్రమేమిటంటే ఆ రోజుల్లో ఆయన కొంచెం ఎక్కువ తిన్నారు. అది గమనించాను గానీ ఎందుకో తోచలేదు.

సమ్మె అయిపోయింది, బస్సులు తిరుగుతున్నాయి, నేను మళ్ళీ ఎలా ఉందని అడుగుతున్నాను. మళ్ళీ ఏదో బంద్ వచ్చిన రోజు ఇంటినుంచే పని చేసుకుంటున్నాను. నీలు పక్కింట్లో ఆడుకుంటోంది. మధ్యాహ్నం ఆఫీసు ఫోన్ మాట్లాడటం ముగించి గది తలుపు తీసేసరికి గ్యాస్ వాసన గుప్పున కొట్టింది. పొద్దున పొయ్యి తుడిచినప్పుడు నాబ్ కొంచెం తిరిగి ఉండిపోయినట్టుంది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. వంటింట్లోకి పరిగెత్తాను. మామయ్య పొయ్యి ముందు నిలబడి ఉన్నారు. టీ పెట్టుకోవడానికి వచ్చారు. గట్టు మీద గిన్నెలో నీళ్ళు పోసి ఉన్నాయి. మా లైటర్ పాడై చాలా రోజులైంది. ఆయన చేతిలో అగ్గిపెట్టె, పుల్ల బయటికి తీసి ఉంది.

నేను ఏమన్నానో గుర్తులేదు. ఆ చెయ్యి పట్టుకుని లాగాను. సిలిండర్ కట్టేసి, కిటికీలు తెరిచి, ఆయన్ని బాల్కనీలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాను.  ఆయన ఏం జరిగిందో తెలియనట్టు నా మొహం చూస్తున్నారు.

"గ్యాస్ లీకయింది మామయ్యగారూ. మీకు వాసన రాలేదా?"

 ఆయన ఇంకా చేతిలోనే ఉన్న అగ్గిపుల్లని చూసుకున్నారు.

"ఇల్లంతా కొడుతోంది. జలుబు చేసిందా?"

"జలుబు గాదు బిడ్డా. నాకు వాసన రాదు. ఎప్పటికీ రాదు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన మెల్లగా చెప్పారు. "పాలకుర్తి రూటుల పోతుండంగ బర్రె అడ్డమొచ్చింది. డ్రైవర్ బ్రేక్ గొట్టిండు. నేను టికెట్లు గొడుతున్న. ఎన్కకు వడ్డ, తల్కాయ రాడుకు తాకింది. దవాఖానల కుట్లేసిండ్రు. ఇంటికొచ్చినంక మీ అత్త కోడికూర వండింది. నోట్ల వెట్టుకుంటె ఏముంది, ఉడకవెట్టిన గుడ్డపేల్క లెక్క. ఉప్పు తెలుస్తది, పులుపు తెలుస్తది, కారం మండుతది. అంతకు మించి ఏం లేదు."

"మరి అత్తయ్యకి చెప్పలేదా?"

"ఎట్ల జెప్త? ఆమె చేతి కూరంటె వాడకట్టంత ఎగవడుతుండె. ఎవలింట్ల లగ్గమైన, రుచి సూడనీకి ఆమెనే పిలుస్తుండె. గసొంటి మనిషికి, నీ వంట నాకేం తెలుస్తలేదని ఎట్ల జెప్త? రేపొస్తదేమో, ఎల్లుండొస్తదేమో అని సూసిన. రాలే. ఇగ అప్పటికి శాన దినాలైంది. ఇన్ని దినాలు ఎందుకు జెప్పలేదంటె ఏం జెప్పాలె?"

కింద రోడ్డు మీద బంద్ కదా, చప్పుడు లేదు. ఆయన గొంతు కూడా తగ్గించి మాట్లాడుతున్నారు.

"మంచిగుందంటె అబద్ధం. మంచిగలేదంటె పాపం. గందుకే గిది తిన, గది తిన అని మొదలువెట్టిన. తిండి కాడ సతాయించేటోన్ని ఎట్లుందని ఎవలడుగుతరు? ఎవలడగరు. మీ అమ్మ అడిగింది. లగ్గంల ప్రతిదానికి అడిగింది. నువ్వు రోజు అడుగుతవు. మంచి మనసుతోనే అడుగుతవు. నాకు పరేషానైతది."

"రోడ్డు మీద వంకాయ కూర తిన్నారుగా" అన్నాను. అంతా విన్నాక కూడా ఆ మాట అడగకుండా ఉండలేకపోయాను.

"ఆడ ఎట్లుందని ఎవలడిగిండ్రు? ఆకలైనోళ్ళం కూసున్నం, తిన్నం. మెత్తటిది నోట్ల వెట్టుకుంటె బురద లెక్కనే ఉంటది, ఆడైన ఈడైన. గని ఆడ గొంతుల దిగింది."

అప్పుడు నాకు నీలు గుర్తొచ్చింది. గేటు, గొడుగు, సాక్సులు. ఆయన పిల్లతో ఆట ఆడటం లేదు. నిజంగానే అడుగుతున్నారు. వాన పడ్డాక గేటు వాసన ఆయనకి జ్ఞాపకం ఉంది. పాలకూర ఎలా ఉంటుందో జ్ఞాపకం లేదు. పిల్ల ఆ రెండిటినీ కలిపి ఇస్తే, కళ్ళు మూసుకుని తిరిగి తెచ్చుకుంటున్నారు.

"అత్తయ్యకి చివరిదాకా తెలియదా మరి?" అన్నాను.

ఆయన అగ్గిపుల్లని తిరిగి పెట్టెలో పెట్టారు. "తెల్వదు బిడ్డా. నేను అడగకుంటనే ఉల్లిగడ్డ తరిగి పక్కన వెడుతుండె. అడగకుంటనే అప్పడం కాలుస్తుండె. పప్పుల పల్లీలు దంచి ఏస్తుండె, ఎవలన్న ఏస్తరా? తెలిసి చేసిందో, ఊకెనే చేసిందో. అడుగుదమనుకుంటనే ఉంటి."

మా ఆయనకి చెప్పక తప్పదన్నాను, గ్యాస్ సంగతి కాబట్టి. సరేనన్నారు. "పోరికి మాత్రం నేనే జెప్త" అన్నారు. సాయంత్రం నీలు వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎంతో ఇబ్బంది పడుతూ, "తాతకు వాసన తెల్వదు నీలూ" అన్నారు.

అది బొమ్మకి జడ వేస్తూ, తలెత్తకుండానే, "తెలుసు" అంది.

"నీకెట్ల తెలుసు?"

"నన్ను అడుగుతావు కదా. తెలిస్తే ఎందుకు అడుగుతావు?"

మామయ్య నా వైపు చూశారు. ఆయన అంతసేపు నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

మా ఆయన వాళ్ళ నాన్నని డాక్టరుకి చూపించారు. వాసన తెలిసే నరం ఎప్పుడో తెగిపోయిందనీ, వాసన ఇక రాదనీ డాక్టరు చెప్పారు. మామయ్య దానికేమీ బాధపడలేదు. ఆయనకి తెలిసిందే. మారింది మేమే. నేను ఎలా ఉందని అడగడం మానేశాను, ఈసారి కోపంతో కాదు. అడగడానికి బదులు గమనించేదాన్ని. ఆయనకి ఏం తెలుస్తుంది, ఏం తెలియదు అని. బెండకాయ ముద్దకూరగా కాకుండా కరకరలాడేలా వేయించాను, తిన్నారు. సొరకాయతో కూర మానేసి, తురిమి పిండిలో కలిపి రొట్టెలు కాల్చాను, తిన్నారు. చిత్రంగా నీలూ అవే తినేది. దానికీ మెత్తనివంటేనే పడదని నాకు అప్పటికి గానీ తట్టలేదు. గిన్నె పట్టుకుని పరిగెత్తడం ఆగిపోయింది.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.  "అయ్యో, నేను విస్తరి దగ్గర నిలబడి ఆయన ప్రాణం తీశానుగా" అంది. అయినా ఇద్దరూ నేరుగా మాట్లాడుకోలేదు. ఆ రోజుల్లో అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఫోన్లో ఏం మాట్లాడినా చివరికి రాష్ట్రం దగ్గరికి వచ్చేది. అందుకని ఎవరికి వాళ్ళు తప్పుకునేవారు.

పచ్చి ఉల్లిపాయ గురించి నేను చాలా ఆలోచించాను. రుచి తెలియని మనిషికి అదెందుకు ఇష్టం? ఒకసారి అడిగితే, "ముక్కులకు జర సురుక్కుమంటది" అన్నారు. ఆ మాట పట్టుకుని కూకట్‌పల్లి మార్కెట్‌కి వెళ్ళి, సన్నగా కొట్టిన పనసపొట్టు తెచ్చాను. మా వైపు పనసపొట్టు కూరలో ఆవ పెడతారు. అంటే పచ్చి ఆవాలు, ఎండుమిరపకాయ కలిపి నూరిన ముద్ద. ఘాటు తక్కువ ఉంటుందేమోనని మామూలు కంటే ఎక్కువే పెట్టాను. పైన వడియాలు వేయించి నలిపాను.

అది పార్లమెంటులో తెలంగాణ బిల్లు గట్టెక్కిన రోజు. మామయ్య టీవీ ముందు కూర్చుని ఉన్నారు. వీధిలో అప్పటికే టపాసులు మొదలయ్యాయి. కన్నీళ్ళు పెట్టుకుంటున్నవాళ్ళని చూపిస్తున్నారు, రంగులు చల్లుకుంటున్నవాళ్ళని చూపిస్తున్నారు. నేను పళ్ళెం తెచ్చి ఆయన చేతికిచ్చాను, ఏమీ చెప్పలేదు. టీవీ చూస్తూనే ఒక ముద్ద పెట్టుకున్నారు. ఆగిపోయారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముక్కు పట్టుకున్నారు. కారం ఎక్కువైందేమోనని నేను నీళ్ళ గ్లాసు అందించబోయాను.

"ఆగు" అన్నారు. కళ్ళు మూసుకుని, ముక్కుతో గట్టిగా గాలి పీల్చారు. ఇంకో ముద్ద పెట్టుకున్నారు. మళ్ళీ పీల్చారు. "ముక్కుల దాక వొచ్చింది బిడ్డా. ఏందిది?"

"ఆవ మామయ్యగారూ. మా అమ్మ చేసే పద్ధతి."

పళ్ళెం ఖాళీ చేసి నా వైపు చాపారు. ఆ ఇంటికి వచ్చాక ఆయన రెండోసారి వడ్డించమనడం అదే మొదలు. అదీ తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, "మీ అమ్మకు ఫోన్ కలుపు" అన్నారు.

ఇవాళా అని నాకు భయం వేసింది. అయినా కలిపి ఇచ్చాను, స్పీకర్ పెట్టి. ఆయన రిమోట్ తీసుకుని టీవీ గొంతు పూర్తిగా తగ్గించేశారు.

"చెల్లెమ్మా, నేను."

"చెప్పండి అన్నయ్యగారూ." అమ్మ గొంతు బిగుసుకుని ఉంది. "ఇక్కడా అదే చూస్తున్నాం. వచ్చేసిందిగా మీ రాష్ట్రం."

"వొచ్చింది చెల్లె."

"మీకు సంతోషమేగా."

"సంతోషమే. నీతోని అబద్ధమెందుకు?" అన్నారు మామయ్య. "గని నేను దానికి చెయ్యలే ఫోను. నీ బిడ్డ పనసకూర వండింది. ఆవ సంగతి జర చెప్పు. నానవెట్టి నూరాల్నా, ఒట్టిగనే నూరాల్నా?"

 అవతల వాళ్ళింట్లో టీవీ మోత వినిపించింది. తర్వాత అది ఆగిపోయింది. అమ్మ కట్టేసినట్టుంది.

"నానబెట్టాలండీ" అంది. "నానితేనే ఘాటు లేస్తుంది. కూర పొయ్యి మీద ఉండగా మాత్రం కలపకండి, చేదెక్కిపోతుంది. దించాకే."

వీధిలో టపాసుల దండ పేలింది. మామయ్య ఒక చెవి అరచేత్తో మూసుకుని, ఫోన్ ఇంకో చెవికి ఆనించుకున్నారు.

"దించినంక కలపాలె" అన్నారు. "ఆఁ, చెప్పు చెల్లె. తర్వాత?"